మావులీ పల్లకి వెనక, ఆళంది నుంచి పండరికి

మా నిజామాబాద్ వైపు ఏ ఊరికి పోయినా ఒక పండరి, ఒక విఠల్, ఒక తుకారాం కనిపిస్తారు. సికింద్రాబాద్‌లో ఏకంగా తుకారాం గేటే ఉంది. మన పల్లెల్లో పండరి భజన కట్టినవాళ్ళు ఎంతమందో. తెనాలి రామకృష్ణుడు పాండురంగ మాహాత్మ్యం రాసింది కూడా ఆ క్షేత్రం మీదే. ఇంత దగ్గరి దేవుణ్ణి మనవాళ్ళు చాలామంది ఒక్క పూటలో చూసి వచ్చేస్తారు. షోలాపూర్ మీదుగా వెళ్ళడం, లైన్లో నిలబడటం, దర్శనం, తిరుగు బస్సు. పుండలీకుడి కథ తెలుసు, ఇటుక సంగతి తెలుసు. ఆ దేవుణ్ణి ఊరూరా పాడి మన దాకా తెచ్చిన దర్జీ, కుమ్మరి, తోటమాలి, పనిమనిషి, ఊరి బయట ఉంచిన మహారు ఎవరో తెలియదు. 13వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా మరాఠీలో అభంగాలు, అంటే భక్తి పాటలు, కట్టిన ఆ సంతుల కోసమే ఈ ఆషాఢంలో చిన్నమ్మతో కలిసి వారీకి, అంటే సంతుల పల్లకీల వెంట పండరికి నడిచే యాత్రకు వెళ్ళాను.

పుణె దగ్గరి ఆళంది నుంచి పండరికి దాదాపు 250 కిలోమీటర్లు. మేం మొదటి మజిలీలు, చివరి మజిలీలు మాత్రమే నడిచాం. చిన్నమ్మ మెడలో తులసిమాల ఉంది. అది వేసుకున్నాక మాంసం ముట్టలేదు, ఏకాదశి ఉపవాసం ఒక్కటీ వదల్లేదు. తెలిసినవాళ్ళ దిండీలో మా ఇద్దరికీ ముందే డబ్బు కట్టింది. దిండీ అంటే ఒకే జెండా కింద నడిచే బృందం. వంట, డేరాలు, సామాను మోసే లారీ అన్నీ వాళ్ళే చూసుకుంటారు.

ఆళంది, జ్యేష్ఠ బహుళ అష్టమి

ఇంద్రాయణి ఘాట్ దగ్గర కాలు పెట్టే చోటు లేదు. నది మీద అక్కడక్కడ తెల్లటి నురగ తేలుతోంది, పైనున్న ఊళ్ళ మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు అది. ఆ నీళ్ళే చిన్నమ్మ నెత్తిన చల్లుకుంది. నాకు మాత్రం మనసు కలుక్కుమంది. లక్షల మంది తల్లీ అని పిలిచే నదిని ఇలా ఉంచకూడదు.

జ్ఞానేశ్వరుడు ఇక్కడే 1296లో, 21 ఏళ్ళకే సజీవ సమాధిలోకి వెళ్ళాడు. సన్యాసం పుచ్చుకుని, గురువు మాట మీద మళ్ళీ సంసారంలోకి వచ్చిన మనిషి కొడుకు. ఆ ఒక్క కారణానికి ఊరి పెద్దలు ఆ కుటుంబాన్ని వెలివేశారు. నివృత్తి, జ్ఞానదేవుడు, సోపానుడు, ముక్తాబాయి, నలుగురు పిల్లలూ తల్లిదండ్రులు లేకుండా పెరిగారు. ఆ వెలి పడ్డ పిల్లవాడే 1290లో నేవాసాలో కూర్చుని భగవద్గీతను మరాఠీలో, దాదాపు తొమ్మిది వేల ఓవీ పద్యాల్లో చెప్పాడు. సంస్కృతం రాని రైతుకు గీత అందింది అప్పుడే. వారీ నడిచే వార్కరీలు ఆయన్ని స్వామి అనరు, గురువు అనరు, ‘మావులీ’ అంటారు. తల్లి అన్నమాట. దారిలో ఎదురైన ప్రతి మనిషినీ అదే పేరుతో పిలుస్తారు. నీళ్ళు కావాలన్నా మావులీ, పక్కకు జరగమన్నా మావులీ. పోలీసు కూడా జనాన్ని వెనక్కి జరుపుతూ ‘చలా మావులీ’ అంటున్నాడు.

గుడి లోపలికి దిండీల వాళ్ళలో కొందరినే వదిలారు. మేం బయట గల్లీలో ఒక అరుగు మీద నిలబడ్డాం. సాయంత్రం పల్లకి కదిలినప్పుడు తాళాల చప్పుడుకి ఎదురింటి కిటికీ రెక్కలు అదిరాయి. మావులీ పాదుకలున్న పల్లకి మొదటి రాత్రి ఊరు దాటదు. ఆళందిలోనే ‘ఆజోళ్’లో, అంటే అమ్మమ్మగారింట్లో ఆగుతుంది. ప్రయాణానికి ముందు అమ్మమ్మ దగ్గర ఒక రాత్రి పడుకునే దేవుడంటే నాకు అప్పుడే ప్రేమ పుట్టింది.

పుణె, నవమి

పొద్దున నడక మొదలైంది. ముందు వీణ మెడకు వేసుకున్న మనిషి, తర్వాత తాళాలు, మృదంగం, కాషాయ పతాకలు, వెనక నెత్తిన తులసికోటలు పెట్టుకున్న ఆడవాళ్ళు. ‘జ్ఞానోబా మావులీ తుకారాం’ అన్న ఒక్క పల్లవి గంటల తరబడి సాగుతుంది. అడుగు దానంతటదే ఆ తాళానికి పడుతుంది.

దారి పొడుగునా ఇచ్చేవాళ్ళే. అరటిపళ్ళు, బిస్కెట్ ప్యాకెట్లు, టీ, పోహా, వాన కవర్లు. కొన్నాళ్ళకు పైసా ఖర్చు పెట్టడమే మరిచిపోతామేమో అనిపించింది. ఖర్చయింది స్నానానికీ ఫోన్‌కూ: బకెట్ నీళ్ళకు ముప్పై, చార్జింగ్‌కు ఇరవై. శివాజీనగర్ దాటాక రోడ్డు పక్కన ఒక వరసలో మంగలివాళ్ళు ఉచితంగా గడ్డాలు గీస్తున్నారు, పక్కన కాలేజీ పిల్లలు ముసలివాళ్ళ కాళ్ళకు నూనె రాస్తున్నారు. చిన్నమ్మ చెప్పు తెగితే ఒక పెద్దాయన తీసుకుని కుట్టి ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, వంగి చిన్నమ్మ పాదాలు ముట్టుకున్నాడు. చిన్నమ్మ ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా వంగి ఆయన పాదాలు ముట్టుకుంది. మా ఊళ్ళో ఇది జరిగేదేనా అని నేను రాత్రి దాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

తుకారాం పల్లకి కూడా దేహూ నుంచి ఇదే రోజు పుణె చేరుతుంది. అది నానా పేఠ్‌లో నివ్‌డుంగ్యా విఠోబా గుడిలో, మావులీది భవానీ పేఠ్‌లో. రెండూ నడిచిపోయేంత దూరం. తుకారాం కిరాణా దుకాణం పెట్టుకున్న మనిషి. కరువులో దివాలా తీశాడు, మొదటి భార్య ఆకలితో పోయింది. శూద్రుడివి, నీకు ఈ పాటలేంటని పెద్దకులాల వాళ్ళు ఆయన రాతప్రతుల్ని ఇంద్రాయణిలో ముంచేయించారు. పదమూడు రోజులకు అవి తడవకుండా పైకి తేలాయని జనం నమ్మకం. ఆయన 1650లో వెళ్ళిపోయాక, చిన్న కొడుకు నారాయణ్ బాబా 1685లో ఇద్దరు సంతుల పాదుకలూ ఒకే పల్లకిలో పెట్టి వారీ నడిపించాడు. జ్ఞానేశ్వరుడి పల్లకి విడిగా, ఇప్పుడు చూస్తున్న క్రమశిక్షణతో నడవడం 19వ శతాబ్దంలో హైబత్ బాబాతో మొదలైంది. గుర్రాలు, దండం పట్టి జనాన్ని అదుపు చేసే చోప్‌దార్లు, కొమ్ము బూరలు, దిండీల వరస ఆయన పెట్టినవే. ఆయన సైన్యంలో పనిచేసిన మనిషి, అందుకే ఈ కవాతు పద్ధతి.

దివే ఘాట్, సాస్వడ్, ఏకాదశి

మర్నాడు పుణెలోనే విశ్రాంతి. దాని తర్వాతది అన్నిటికంటే పెద్ద నడక, దాదాపు 30 కిలోమీటర్లు. అది కూడా ఉపవాసం రోజు. హడప్సర్‌లో సాబుదానా ఖిచ్డీ, భగర్ అనే సన్న చిరుధాన్యపు అన్నం, దాని మీద వేరుశెనగల పులుసు పెట్టారు. ఆ పులుసు రుచి ఇంకా నాలుక మీద ఉంది. వేయించిన పల్లీలు, జీలకర్ర, పచ్చిమిర్చి నూరి, కొంచెం బెల్లం వేస్తారట.

ఘాట్ రోడ్డు మలుపుల మీద కింది నుంచి చూస్తే కొండంతా తెల్ల టోపీలు, కాషాయ జెండాలు. రథానికి మామూలు జత సరిపోదని ఇంకొన్ని జతల ఎద్దుల్ని కట్టారు. చిన్నచినుకులు, ఎదురుగాలి. చిన్నమ్మ మోకాళ్ళు పట్టుకుని ఒక రాయి మీద కూలబడింది. ‘ఆగుదామా’ అంటే, ‘ఆగితే కాళ్ళు గుంజుతయి బిడ్డా, పాట ఆగకుంట ఉన్నన్ని సేపులు నడుద్దాం’ అని లేచింది.

సాస్వడ్ చేరేసరికి చీకటి పడింది. దిండీలకు నంబర్లుంటాయి. రథం ముందు నడిచేవాటికి ఒక వరస, రథం వెనక నడిచేవాటికి ఇంకో వరస. అంటే ఒకే నంబరు రెండు చోట్ల ఉంటుంది. మాది ముందు వరసలోది. వాలంటీరు కుర్రాడు వెనక వరస నంబరు డేరా చూపించి పంపాడు. బురదలో అరగంట నడిచి వెళితే ఒక్క ముఖమూ తెలియదు. తిరిగి పోబోతే ఒక ముసలమ్మ చెయ్యి వదల్లేదు. వేడి నీళ్ళు ఇచ్చి కాళ్ళు కడుక్కోమంది, బంగాళాదుంప కూర, రాజగిరా లడ్డు పెట్టింది. బీడ్ జిల్లా నుంచి వచ్చారట, చెరకు నరికే పనికి పోయే కుటుంబాలు. తనకు చదువు రాదు. అయినా హరిపాఠం మొత్తం కంఠస్థం. జ్ఞానేశ్వరుడి అభంగాలవి, రోజూ సాయంత్రం పాడతారు. ఆమె మధ్యలో ఆపి మా చిన్నమ్మకు ఒక్కో చరణం అందించింది, చిన్నమ్మ మా ఊరి రాగంలో అందుకుంది. రాగం వేరు, మాట ఒకటే. అక్కడున్న పిల్లలు మా వైపు రాగాన్ని మళ్ళీ పాడమని అడిగారు.

మరుసటి రోజు సోపానదేవుడి సమాధి చూశాం. నది ఒడ్డున, చెట్ల నీడలో. ఆయన పల్లకి కూడా ఇక్కడి నుంచే పండరికి బయల్దేరుతుంది. సంతలో పురందర్ అంజీరాలు కొన్నాం.

జెజూరి

ఇది ఖండోబా ఊరు. పల్లకి రాగానే పసుపు గుప్పిళ్ళతో చల్లారు. నేల, ఆకాశం, మనుషులు అన్నీ పసుపే. ‘యేళకోట్ యేళకోట్ జయ్ మల్హార్’ అంటుంటే చిన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ‘గిది మన మల్లన్న గదనే’ అంది. నిజమే. కొమురవెల్లిలో, ఐనవోలులో మన ఒగ్గువాళ్ళు కొలిచే మల్లన్నకూ ఇదే పసుపు బండారి. వైష్ణవ పల్లకికి శైవ దేవుడి ఊరు ఇంత ప్రేమగా ఎదురొస్తుంటే చూసి తీరాలి. విఠలుడి నెత్తిన శివలింగం ఉందని చెప్పుకునే సంప్రదాయం ఇది, వాళ్ళకు ఇందులో వింతేమీ లేదు.

ఇక్కడి నుంచి చిన్నమ్మ మోకాళ్ళ కోసం పుణెలో చుట్టాలింటికి వెళ్ళి ఆగాం.

భండీశేగావ్ నుంచి వాఖరీ

ఆషాఢ శుద్ధంలో మళ్ళీ దిండీలో కలిశాం. ఈలోపు మా దిండీవాళ్ళ పాదాలన్నీ బొబ్బలు, ముఖాలు నల్లబడ్డాయి, ఉత్సాహం మాత్రం రెట్టింపయింది. బాజీరావు బావి దగ్గర రింగణ్ జరిగింది. మైదానంలో గుండ్రంగా దిండీలు నిలబడితే మధ్యలో రెండు గుర్రాలు పరుగు తీస్తాయి. ఒకదాని మీద జెండా పట్టిన రౌతు. రెండోదాని మీద ఎవరూ ఉండరు, దాని మీద మావులీ ఉన్నాడని నమ్మకం. ఆ గుర్రాలు బెళగావి జిల్లా అంకలి నుంచి శితోళే వంశం వాళ్ళు పంపేవి. ఖాళీ గుర్రం దాటిపోగానే డెక్కల కింది మట్టి కోసం జనం ఎగబడ్డారు. చిన్నమ్మ కూడా చిటికెడు కొంగున ముడివేసుకుంది.

రాత్రి భోజనం జొన్న భాకరీ, పిఠ్లా, ఠేచా. పిఠ్లా మన పిట్లే. శనగపిండిని ఎల్లిపాయ పోపులో పలుచగా ఉడికిస్తారు. ఠేచా పచ్చిమిర్చి, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచిన కారం. రోజంతా నడిచిన కడుపుకి దాన్ని మించింది లేదు. తిన్నాక డెబ్బై ఏళ్ళ ఆడవాళ్ళు చేతులు పట్టుకుని ఫుగడీ తిరిగారు.

వాఖరీలో అన్ని పల్లకీలూ కలుస్తాయి. త్ర్యంబకేశ్వరం నుంచి నివృత్తినాథుడు, పైఠణ్ నుంచి తర్వాతి కాలపు సంతు ఏకనాథుడు, దాదాపు నెల రోజులు నడిచి ముక్తాబాయి. ఏడు వందల ఏళ్ళ కిందట విడిపోయిన అన్నదమ్ములు, చెల్లెలు ఏడాదికోసారి పొలాల మధ్య కలుసుకుంటున్నారు. అన్న పల్లకి పక్కన చెల్లెలి పల్లకి ఆగినప్పుడు నా పక్కనున్న మగవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు. నాకూ ఆగలేదు.

పండరిపురం, దశమి, ఏకాదశి

ఏకాదశి తెల్లవారుజామున ముఖ్యమంత్రి దంపతులు మహాపూజ చేస్తారు, వాళ్ళతో పాటు క్యూలో నిలబడ్డ ఒక వార్కరీ జంటకూ ఆ అవకాశం దక్కుతుంది. పాదాలు తాకి దర్శనం చేసుకునే క్యూ గోపాళ్‌పూర్ వైపు కిలోమీటర్ల కొద్దీ ఉంది. మామూలు రోజుల్లో ఎనిమిది వందలున్న గదికి నాలుగు వేలు అడిగారు, చంద్రభాగ నది ఇసుకలో డేరాలోనే ఉన్నాం.

చాలామంది వార్కరీలు గుడి లోపలికి వెళ్ళనే వెళ్ళరని నాకు అక్కడే తెలిసింది. అన్ని కిలోమీటర్లు నడిచి, చంద్రభాగలో మునిగి, పుండలీకుడికి మొక్కి, గోపురం పైన కలశం చూసి, నామదేవుడి మెట్టు తాకి వెనక్కి తిరుగుతారు. పొలంలో విత్తనం వేసి వచ్చారు, మళ్ళీ పనుంది.

నామదేవుడు దర్జీ. పంజాబ్ దాకా పాడుకుంటూ వెళ్ళాడు. ఆయనవి 61 పదాలు సిక్కుల గురు గ్రంథ సాహిబ్‌లో ఉన్నాయి. గుడికి వచ్చే భక్తుల పాదధూళి తన మీద పడాలని మహాద్వారం మెట్టు కింద సమాధి కోరుకున్నాడని చెబుతారు. ఇప్పుడు ఎవరూ దాని మీద కాలు పెట్టరు, దాటుకుని పోతారు.

దానికి ఎదురుగా, గుడి బయట, చిన్న సమాధి ఉంది. అది చోఖామేళాది. మహారు కులం వాడు, గుడి మెట్టు ఎక్కనివ్వలేదు. 1338లో మంగళవేఢాలో గోడ కట్టే పనిలో అది కూలి చనిపోయాడు. శిథిలాల్లో ఏ ఎముకలు చోఖావో ఎలా తెలుస్తుంది? చెవి పెట్టి వింటే విఠల విఠల అని వినపడినవి నామదేవుడు ఏరి తెచ్చి ఇక్కడ పెట్టాడని కథ. చెరకు గడ వంకరైతే రసం వంకరవుతుందా, పై రూపం చూసి ఎందుకు మోసపోతారని ఆయన అడిగాడు. ఆయన భార్య సోయరాబాయి ఇంకా సూటిగా అడిగింది: మైలలోంచి పుట్టని దేహం ఎక్కడుందో చూపించండి అని.

నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను. తోవ పొడుగునా ఒకరి కాళ్ళకు ఒకరు మొక్కుకున్న జనం, చోఖాను మాత్రం ఆరు వందల ఏళ్ళు గుమ్మం అవతల వదిలేశారు. ఆయన కులం వాళ్ళకు ఈ తలుపులు తెరవాలని స్వాతంత్ర్య సమరయోధుడు, రచయిత సానే గురూజీ 1947 మేలో ఇదే ఊళ్ళో నిరాహార దీక్ష చేయాల్సి వచ్చింది. గుడి పూజారులైన బడవే, ఉత్పాత్ కుటుంబాల వంశపారంపర్య పెత్తనం 2014లో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. పాటలో గెలిచిన మాట గుమ్మం దాటడానికి ఇంతకాలం పట్టింది. ఇది చెప్పకుండా వారీ సమానత్వం గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. పండరి వెళ్ళేవాళ్ళు లోపలి దర్శనానికి ఎంతసేపైనా నిలబడండి, ఆ చిన్న సమాధి దగ్గర మాత్రం ఆగకుండా రాకండి.

ద్వాదశి నాడు గోపాళ్‌పూర్ వెళ్ళి జనాబాయి తిరగలి చూశాం. నామదేవుడి ఇంట్లో పనిమనిషి ఆమె. పిండి విసురుతుంటే విఠలుడు వచ్చి రెండో చెయ్యి వేసేవాడట. చిన్నమ్మ ఆ తిరగలి పిడి పట్టుకుని కాసేపు తిప్పింది. వెనక లైన్లో ఉన్న ఆడవాళ్ళు ఒక విసుర్రాయి పాట ఎత్తుకున్నారు.

మంగళవేఢా

పండరి నుంచి బస్సులో గంట లోపే. ఎర్ర బస్సుల స్టాండ్ బయట హోటల్లో ప్లేట్ భోజనం నూట ఇరవై. భాకరీ తెల్లగా, మెత్తగా, తియ్యగా ఉంది. ఇక్కడి మాల్‌దాండీ జొన్నకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. జొన్న రొట్టె చిన్నప్పటి నుంచి తింటున్న చిన్నమ్మ కూడా ఒప్పుకుంది, ‘మనదాని కంటె మంచిగున్నది’ అని.

ఇది చోఖా ఊరు. దామాజీపంత్ ఊరు కూడా. బహమనీల కింద ఇక్కడ అధికారి ఆయన. కరువొస్తే సర్కారు ధాన్యపు కొట్లు తెరిచి జనానికి పంచేశాడు. బీదర్ సుల్తాను పట్టి తెమ్మన్నాడు. ఈలోగా ‘విఠూ మహార్’ అనే మనిషి ఒకడు బీదర్ దర్బారుకు పోయి ఆ ధాన్యం బాకీ మొత్తం కట్టేసి రసీదు తీసుకున్నాడట. ఆ మహారు విఠలుడే అంటారు. చోఖాను గుడి బయట నిలబెట్టిన రోజుల తర్వాత జనం కట్టుకున్న కథ ఇది. అందులో దేవుడే మహారై వచ్చాడు. దామాజీ గుళ్ళో పూజారి ఈ కథ చెబుతుంటే నాకు పండరి మెట్టు దగ్గర బిగుసుకున్న గొంతు కొంచెం సడలింది.

షోలాపూర్

పూర్వ భాగ్‌లో అడుగు పెడితే చుట్టూ తెలుగే. తెలంగాణ నుంచి తరాల కిందట నేతపనికి వచ్చిన పద్మశాలీల వాడలు. చద్దర్లు, టవల్స్ నేసే సాంచాల చప్పుడు వీధి అంతా. ఇంటి ముందు బీడీలు చుట్టే ఆడవాళ్ళు. మా చుట్టాలింట్లో మధ్యాహ్నం అన్నం, పప్పు, షోలాపూర్ పల్లీల పొడి. ఆ ఇంటి పెద్దాయన ఏటా ఇక్కడి నుంచే నడిచి పండరి పోతాడు. మరాఠీ అభంగం పాడి తెలుగులో అర్థం చెబుతాడు, ఆ తెలుగు మా తాతల నాటిది.

జనం భయం ఉంటే కార్తీక ఏకాదశికి రండి, అప్పుడు కొంచెం ఊపిరాడుతుంది అన్నాడు. తర్వాత సావతా మాలీ సంగతి చెప్పాడు. ఇదే జిల్లాలో మాఢా తాలూకా, అరణ్ ఊరు. తోటమాలి. ఉల్లి, ముల్లంగి, కూరగాయల్లోనే విఠలుణ్ణి చూసుకుని పండరికే పోలేదు. అందుకని ఆయన పల్లకి పండరికి రాదు, విఠలుడి పల్లకే అరణ్ పోతుంది. ఆషాఢ బహుళ చతుర్దశి ఆయన పుణ్యతిథి. చిన్నమ్మ పెద్దాయన చేతిలోంచి క్యాలెండర్ తీసుకుని తారీఖు చూసింది, ‘ఇంకా పదకొండు దినాలున్నయి, నువ్వు సెలవు పెట్టు’ అంది. ఇంటికొచ్చి మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఆ చతుర్దశి గురించే మాట్లాడుతోంది. నేను సెలవు పెట్టాను.